చౌక హెడ్‌ఫోన్, ఖరీదైన హెడ్‌ఫోన్: తేడాను వినడం ఎలా?

ఏడు వందల రూపాయలకు ఇయర్‌ఫోన్స్ వస్తాయి. ముప్పై వేలు పెడితే హెడ్‌ఫోన్ వస్తుంది. రెండిట్లోనూ మోగేది అదే పాట, అదే ఫోన్ నుంచి. ధరలో నలభై రెట్లకు పైగా తేడా ఉంది కాబట్టి శబ్దంలోనూ ఆ మేరకు తేడా ఉంటుందని అనుకుంటాం. కొన్నవాళ్లు ఉందనే చెబుతారు. అంత డబ్బు పోశాక లేదని ఒప్పుకోవడం కష్టం మరి. కొననివాళ్లు అదంతా పేరుకు కట్టే సుంకమని తీసిపారేస్తారు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని పద్ధతిగా విని చెప్పేవాళ్లు మాత్రం అరుదు.

పద్ధతిగా వినడం పెద్ద విద్యేమీ కాదు. సంగీత జ్ఞానం అక్కర్లేదు, యంత్రాలూ అక్కర్లేదు. చెవిని ఏది మోసం చేస్తుందో తెలియాలి, ఏ పాటలో ఏది వినాలో తెలియాలి. ఈ రెండూ తెలిస్తే షాపువాడి మాట, ప్రకటన మాట, స్నేహితుడి మాట పక్కనపెట్టి ఎవరి తీర్పు వాళ్లే ఇచ్చుకోవచ్చు.

ధరకూ శబ్దానికీ లంకె కుదరలేదు

ముందు ఒక పరిశోధన సంగతి. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి, ఆ ఫలితాలను అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించారు. చెవిలో దూర్చుకునేవి, చెవి మీద ఆనేవి, చెవిని మొత్తం కప్పేవి, అన్ని రకాలూ అందులో ఉన్నాయి. ఆయన కొలిచింది ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్. అంటే మంద్రం నుంచి తారం దాకా ఏ శబ్దాన్ని హెడ్‌ఫోన్ ఎంత బిగ్గరగా పలుకుతోందో చూపే గీత. ఆ గీతకూ, హెడ్‌ఫోన్ అమ్మకపు ధరకూ సంబంధమేమీ కనిపించలేదని ఆయన తేల్చారు.

ఇది చిన్న విషయం కాదు. మనం 'సౌండ్ బాగుంది', 'గొంతు స్పష్టంగా ఉంది', 'బేస్ అదిరింది' అని చెప్పే మాటల్లో చాలా భాగం ఈ గీత గురించే. మంద్రాలు ఎంత, గొంతు ఎంత, పైస్థాయి శబ్దాలు ఎంత అనే పాళ్లను తయారీదారు ఎలా నిర్ణయించాడన్నదే 'ట్యూనింగ్'. ఈ పాళ్లు కుదర్చడానికి బంగారం, వజ్రాలు అవసరం లేదు. తెలివి, కొలత, ఓపిక ఉంటే చాలు. అందుకే ఖరీదైన హెడ్‌ఫోన్లలో వింతగా మోగేవి ఉన్నాయి, చౌకవాటిలో చక్కగా మోగేవీ ఉన్నాయి.

చక్కటి పాళ్లంటే ఏమిటో కూడా ఇప్పుడు కొంత తెలుసు. ఆడియో పరికరాల సంస్థ హార్మన్‌లో షాన్ ఆలివ్, టాడ్ వెల్టి తదితరులు 2012 ప్రాంతం నుంచి చాలామంది శ్రోతల మీద ప్రయోగాలు చేసి ఒక నమూనా గీత రూపొందించారు. మంచి గదిలో మంచి స్పీకర్లు ఎలా వినపడతాయో హెడ్‌ఫోన్ కూడా అలా వినపడాలన్నది దాని మూలసూత్రం. శ్రోతల్లో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఆ పాళ్లు నచ్చాయి. మిగిలినవాళ్లలో కొందరికి బేస్ ఇంకాస్త ఎక్కువ, కొందరికి ఇంకాస్త తక్కువ కావాలి. ఈ గీత అందరికీ తెలిసిపోయింది. కొలిచే పరికరాలకు చౌక నకళ్లు వచ్చాయి. చైనాలోని చిన్న కంపెనీలు ఈ రెండింటినీ అందిపుచ్చుకున్నాయి. చెంగ్డూకు చెందిన మూన్‌డ్రాప్ 2022లో 'చూ' అనే వైరు ఇయర్‌ఫోన్స్‌ను దాదాపు 20 డాలర్లకే తెచ్చింది. అంతకు పదేళ్ల ముందు ఆ ధరలో అలాంటి పాళ్లు దొరకడం కష్టం.

అయితే బ్రేబార్ట్ కొలిచింది పాళ్లను మాత్రమే. హాయిగా తలమీద నిలవడం, ఎన్నేళ్లు మన్నుతుంది, కాల్‌లో గొంతు ఎలా వెళ్తుంది, బయటి రొద ఎంత ఆపుతుంది వంటివి ఆ లెక్కలోకి రావు. ఖరీదు ఎక్కడ పనికొస్తుందో అక్కడ చూడాలి. దాని సంగతి తర్వాత.

మొదటి మోసం: వాల్యూమ్

రెండు శబ్దాల్లో ఒకటి కొంచెం బిగ్గరగా ఉంటే, చెవి దాన్నే 'మెరుగైనది' అనుకుంటుంది. తేడా ఒక డెసిబెల్ ఉన్నా చాలు. అప్పుడు మనకు 'బిగ్గరగా ఉంది' అనిపించదు, 'స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది' అనిపిస్తుంది. దీనికి కారణం మన చెవి నిర్మాణంలోనే ఉంది. బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని గీతల్లో చూపించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మంద్రాలు చెవికి సరిగా ఆనవు. శబ్దం పెరిగేకొద్దీ అవి పైకి తేలతాయి. కాబట్టి బిగ్గరగా మోగే హెడ్‌ఫోన్ బేస్ కూడా ఎక్కువున్నట్టే ఉంటుంది.

ఫోన్‌లో వాల్యూమ్ గీతను ఒకేచోట ఉంచితే సరిపోతుందా? సరిపోదు. ఒకే కరెంటుకు ఒక హెడ్‌ఫోన్ గట్టిగా, ఇంకొకటి మెల్లగా మోగుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 వంటి 300 ఓమ్‌ల, అంటే విద్యుత్తుకు నిరోధం ఎక్కువున్న హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కు నేరుగా తగిలిస్తే నీరసంగా వినపడవచ్చు. దాని పక్కన 32 ఓమ్‌ల చౌక ఇయర్‌ఫోన్స్ హుషారుగా ఉంటాయి. అది నాణ్యతలో తేడా కాదు, అందే కరెంటులో తేడా.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఇది. గొంతు ముందుండే ఒక పాట పెట్టండి. రెండిట్లోనూ ఆ గొంతు ఒకే స్థాయిలో వినపడేదాకా వాల్యూమ్ సర్దండి. ఏది నచ్చిందో అనుకోండి. తర్వాత నచ్చనిదానికి వాల్యూమ్ ఒక మెట్టు పెంచి మళ్లీ వినండి. మీ ఇష్టం అటు మారిపోతే, మీరు ఇంతసేపూ పోల్చింది హెడ్‌ఫోన్లను కాదు, వాల్యూమ్‌ను.

రెండో మోసం: అమరిక

'దీంట్లో బేస్ లేదు' అని పక్కన పడేసిన ఇయర్‌ఫోన్స్‌లో చాలావాటికి జబ్బు వేరే ఉంటుంది. చెవి రంధ్రానికీ రబ్బరు టిప్‌కీ మధ్య సందు. ఆ సందులోంచి మొదట జారిపోయేవి మంద్రాలే. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజు టిప్‌లు ఇచ్చేది అందుకే. చాలామంది అమర్చి వచ్చిన మధ్య సైజుతోనే సరిపెట్టుకుంటారు. రెండు చెవుల రంధ్రాలూ ఒకే కొలతలో ఉండాలనీ లేదు. కుడికి ఒక సైజు, ఎడమకు ఒక సైజు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు.

చెవిని కప్పే హెడ్‌ఫోన్లకూ ఇదే గొడవ. కళ్లద్దాల కాడ మెత్తను పైకి లేపుతుంది. జుంకాలు, పెద్ద కమ్మలు, ఒత్తైన జుట్టు సందు చేస్తాయి. అలా మీ తలమీద సరిగా ఆనని ముప్పై వేల హెడ్‌ఫోన్ కంటే, మీ చెవిలో సరిగా కూర్చున్న వెయ్యి రూపాయల ఇయర్‌ఫోన్స్‌లో బేస్ బాగుండటంలో వింతేమీ లేదు. పరీక్షకు ముందు వేలితో మెల్లగా లోపలికి నొక్కి చూడండి. నొక్కగానే బేస్ అమాంతం పెరిగితే, అప్పటిదాకా అమరిక కుదరలేదన్నమాట.

మూడో మోసం: కళ్లు

1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ ఒక ప్రయోగం చేశారు. అది హెడ్‌ఫోన్ల మీద కాదు, స్పీకర్ల మీద. నలభై మంది శ్రోతలతో అవే స్పీకర్లను ఒకసారి కనపడకుండా తెర వెనక, మరోసారి కళ్లెదురుగా పెట్టి వినిపించి మార్కులు వేయించారు. తెర వెనక ఉన్నప్పుడు మంచి మార్కులు తెచ్చుకున్న చిన్న, చౌక స్పీకర్, కళ్లెదుటికి రాగానే కిందికి జారింది. శ్రోతలు అబద్ధమాడలేదు. కంటికి కనిపించిన రూపం, పేరు, ధర చెవికి వినపడినదాన్ని మార్చేశాయి.

హెడ్‌ఫోన్ల విషయంలో ఇది ఇంకా చిక్కు. కళ్లు మూసుకున్నా బరువు, మెత్త స్పర్శ, బిగువు ద్వారా ఏది పెట్టుకున్నామో తెలిసిపోతుంది. అందుకే హార్మన్ పరిశోధకులు ఒకే హెడ్‌ఫోన్‌ను తలమీద ఉంచి, అందులోనే వేర్వేరు మోడళ్ల పాళ్లను అనుకరించి వినిపించారు. మనం ఇంట్లో అంత చేయలేం. కానీ తీర్పు చెప్పేటప్పుడు 'నాకు దీని ధర తెలియకపోతే ఇదే మాట అనేవాణ్నా?' అని ఒక్కసారి ప్రశ్నించుకోవచ్చు.

వీటికి తోడు మన జ్ఞాపకశక్తి బలహీనత ఒకటుంది. శబ్దంలోని సన్నటి తేడాలు మనసులో కొన్ని సెకన్లు మాత్రమే నిలుస్తాయి. నిన్న ఒక షాపులో విన్నదాన్ని ఇవాళ ఇంకో షాపులో విన్నదానితో పోల్చడం ఊహే తప్ప పోలిక కాదు. అలాగే చెవి దేనికైనా అలవాటు పడుతుంది. 'కొత్తలో బాగోలేదు, వాడగా వాడగా తెరుచుకుంది' అన్న మాటలో తెరుచుకున్నది హెడ్‌ఫోన్ కంటే ఎక్కువగా వినేవాడి చెవే.

ఏ పాటలో ఏం వినాలి?

పరీక్షకు పాట ఎంచుకోవడంలోనూ కిటుకు ఉంది. ఘంటసాల పాడిన 'మాయాబజార్' (1957) పాటలు మనకు ప్రాణమే కావచ్చు. హెడ్‌ఫోన్‌ను పరీక్షించడానికి మాత్రం అవి పనికిరావు. అవి మోనో రికార్డింగులు. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది, గొంతూ వాద్యాలూ అన్నీ తల మధ్యలోనే ఉంటాయి. ఆనాటి ఫిల్మ్ సౌండ్‌ట్రాక్‌లో పైస్థాయి శబ్దాలు కూడా పరిమితమే. ఆ పాటల్లో రెండు హెడ్‌ఫోన్లూ ఒకేలా ఉన్నాయనిపిస్తే తప్పు హెడ్‌ఫోన్లది కాదు, పరీక్షది. ఇటీవలి దశాబ్దాల్లో స్టీరియోలో రికార్డయినవి, మీరు వందలసార్లు విన్నవి ఎంచుకోండి. యాప్‌లో డేటా పొదుపు సెట్టింగ్ తీసేసి, నాణ్యతను పైస్థాయికి పెట్టండి. ఎవరో టేపు నుంచి ఎక్కించిన అరిగిన ప్రతి వద్దు.

మొదట బేస్ సంగతి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ పాట కింద వేరే పాటలా నడుస్తుంది. 'గీతాంజలి' (1989) పెట్టి ఆ బేస్ గిటార్‌ను మాత్రమే పట్టుకుని వెంట నడవండి. ఒక్కో స్వరం విడివిడిగా, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. అన్ని స్వరాలూ ఒకే 'దుమ్ దుమ్'గా కలిసిపోతే అది మంచి బేస్ కాదు, ఎక్కువైన బేస్. చౌక మోడళ్లలో చాలామంది తయారీదారులు కావాలనే ఇలా చేస్తారు, షాపులో ముప్పై సెకన్లు వినే కొనుగోలుదారును ఆకట్టుకోవడానికి. కారం ఎక్కువైన కూరలో వంకాయకూ బెండకాయకూ తేడా తెలియనట్టు, అలాంటి హెడ్‌ఫోన్‌లో ఏ పాటైనా ఒకేలా ఉంటుంది. 'బాహుబలి' (2015) వంటి సినిమాల్లో డప్పుల హోరు, కోరస్ కలిసి వచ్చే చోట కోరస్ గొంతులు మునిగిపోతున్నాయేమో చూడండి.

తర్వాత గొంతు. మనకు పాటంటే ముందు గొంతే కాబట్టి ఇదే అతి ముఖ్యమైన పరీక్ష. బాలసుబ్రహ్మణ్యం, చిత్ర వంటి బాగా తెలిసిన గొంతులు వినండి. గొంతు పక్కగది నుంచి వస్తున్నట్టుందా, ఎదురుగా ఉన్నట్టుందా? ముక్కుతో పాడినట్టుందా? పల్లవికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకోవడం వినపడుతోందా? మన చెవి రంధ్రం దాదాపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని సహజంగానే పెంచుతుంది. చెవి రంధ్రాన్ని మూసేసే ఇయర్‌ఫోన్స్ ఆ పెంపును తమ పాళ్లలో తామే కలపాలి. కలపకపోతే గొంతు దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది, మరీ ఎక్కువ కలిపితే అరుపులా ఉంటుంది. హెడ్‌ఫోన్ల మధ్య పెద్ద తేడాలు బయటపడే చోట్లలో ఇదొకటి.

మూడోది పైస్థాయి. తెలుగులో స, శ, ష, చ అక్షరాలు ఇందుకు మంచి పరీక్ష. పాటలో ఆ అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో సూది గుచ్చినట్టుంటే, 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఎక్కడో పాళ్లు ఎక్కువయ్యాయి. ఇలాంటివి మొదటి పాటలో 'ఎంత స్పష్టంగా ఉందో' అనిపిస్తాయి, ఆరో పాటకు తలనొప్పి తెస్తాయి. కాబట్టి పైస్థాయిని ముప్పై సెకన్లలో కాదు, అరగంట విని తేల్చాలి. కర్ణాటక కచేరీ రికార్డింగు ఒకటి దగ్గరుంటే ఇంకా మంచిది. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద దూర్చే నూలుపోగు వల్ల పుట్టే ఆ ఝంకారం, గొంతు ఆగినప్పుడు కూడా సన్నగా వెనకాల నిలిచి ఉండాలి. మృదంగం కుడివైపు దెబ్బ చురుగ్గా, ఎడమవైపు నాదం గుండ్రంగా, ఘటం మట్టి మోతతో వేర్వేరుగా వినపడాలి. కచేరీ రికార్డింగులో దాచుకోవడానికి చోటు ఉండదు.

చివరిది చోటు. వయొలిన్ ఎటువైపు, ఘటం ఎటువైపు, గాయకుడు మధ్యలోనేనా? గొంతు మధ్యలో కాక ఒకవైపుకు లాగినట్టుంటే, ముందు హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకుని వినండి. గొంతు కూడా రెండోవైపుకు మారితే రెండు వైపుల డ్రైవర్లూ (లోపలుండే బుల్లి స్పీకర్లు) సరిజోడు కాకపోవచ్చు, లేదా రికార్డింగే అలా ఉండొచ్చు. మారకపోతే తేడా మీ చెవిలో ఉంది. డ్రైవర్లు జోడు కుదరకపోవడం చౌక మోడళ్లలో నిజంగా తరచూ కనపడే లోపం. ఒకే మోడల్‌లో ఒక పీసుకూ మరో పీసుకూ తేడా ఉండటం కూడా ఇలాంటిదే.

పెట్టె మీది అంకెలు

'20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్' అని ప్రతి పెట్టె మీదా ఉంటుంది. మనిషి చెవి వినగలిగే పరిధి అదే. కానీ ఆ పరిధిలో ఏది ఎంత ఎక్కువ, ఎంత తక్కువ పలుకుతుందో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. కొన్నిటి మీద 40 కిలోహెర్ట్జ్ అని, బంగారు రంగు 'హై-రెస్' ముద్రతో ఉంటుంది. 40 కిలోహెర్ట్జ్ గబ్బిలాలకు వినపడుతుంది. వయసు పెరిగేకొద్దీ మనకు వినపడే పైహద్దు తగ్గుతుంది. నలభైలు దాటిన చాలామందికి 15 కిలోహెర్ట్జ్ కూడా అందదు.

డ్రైవర్ సైజు కూడా అంతే. అది 10 మిల్లీమీటర్లా 13 మిల్లీమీటర్లా అన్నదానిమీద నాణ్యత ఆధారపడదు. ఎన్ని డ్రైవర్లున్నాయన్నదానిమీదా ఆధారపడదు. ఒకే డ్రైవర్‌తో అద్భుతంగా మోగేవి ఉన్నాయి, అయిదారు డ్రైవర్లు పెట్టి గందరగోళం చేసినవీ ఉన్నాయి. పెట్టె మీద నిజంగా పనికొచ్చే అంకెలు ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత). మీ ఫోన్ ఆ హెడ్‌ఫోన్‌ను తగినంత బిగ్గరగా మోగించగలదో లేదో అవి చెబుతాయి.

మరి ఎక్కువ డబ్బు ఎక్కడికి పోతుంది?

ఖరీదంతా దండగ అనుకోవడమూ తప్పే. రెండు వైపుల డ్రైవర్లను కొలిచి జోడు కుదర్చడానికి, ప్రతి పీసూ ఒకేలా రావడానికి ఖర్చవుతుంది. మూడు గంటలు పెట్టుకున్నా చెవులు నొప్పెట్టని మెత్తలకు, తేలికైన ఫ్రేముకు ఖర్చవుతుంది. గట్టిగా మోగించినప్పుడు శబ్దం చెదరకుండా ఉండటానికీ ఖర్చవుతుంది.

అన్నిటికంటే విలువైనది విడిభాగాలు దొరకడం. సోనీ ఎండీఆర్-7506 హెడ్‌ఫోన్ 1991లో వచ్చింది, స్టూడియోల్లో ఇప్పటికీ కనపడుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 1997లో వచ్చింది. దాని మెత్తలు, వైరు ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. అలాంటిదాన్ని పదిహేనేళ్లు వాడితే ఏడాదికి పడే ఖర్చు, ఎనిమిది నెలలకోసారి వైరు మొదట్లో తెగిపోయే చౌక ఇయర్‌ఫోన్స్ ఖర్చుకు రెట్టింపు దరిదాపుల్లోనే ఉండొచ్చు. అలాగని మన్నిక ఖరీదువాటికే సొంతమనీ లేదు. 1984లో వచ్చిన కాస్ పోర్టాప్రో ధర దాదాపు 50 డాలర్లు. దానికి ఇప్పటికీ అభిమానులున్నారు.

నాయిస్ క్యాన్సిలింగ్ మీద పెట్టిన డబ్బుకూ ఫలితం వినపడుతుంది. ఆర్టీసీ బస్సు ఇంజన్, విమానం హోరు, ఏసీ రొద వంటి ఎడతెగని మంద్ర శబ్దాలను అది బాగా తగ్గిస్తుంది. పక్కసీటువాళ్ల మాటలను అంతగా ఆపలేదు. వాటికి చెవిని గట్టిగా మూసే టిప్‌లే దిక్కు. బయటి రొద తగ్గితే వాల్యూమ్ తగ్గించి వినొచ్చు కాబట్టి ఇది సోకు మాత్రమే కాదు, చెవికి రక్షణ కూడా. పెద్దవాళ్లు సగటున 80 డెసిబెల్స్ స్థాయిలో వారానికి 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుంది.

బ్లూటూత్ లెక్క వేరు

ఒకే ధరలో వైరున్నదీ వైరు లేనిదీ పోలిస్తే, శబ్దంలో చాలాసార్లు వైరున్నదే గెలుస్తుంది. కారణం తేలికే. వైరు లేనిదాంట్లో ఆ డబ్బులోనే బ్యాటరీ, చిప్, మైకులు, ఛార్జింగ్ డబ్బా అన్నీ సర్దాలి. రెండు మూడేళ్లకు బ్యాటరీ నీరసిస్తే, డ్రైవర్ ఎంత బాగున్నా వస్తువు మూలన పడుతుంది. చాలావాటిలో బ్యాటరీ మార్చే వీలుండదు.

ఎస్‌బీసీ, ఏఏసీ, ఎల్‌డాక్ అని ఫోన్‌లో కనిపించే పేర్లు శబ్దాన్ని కుదించి గాల్లో పంపే పద్ధతులు. సోనీ తెచ్చిన ఎల్‌డాక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు. కాగితం మీద ఇది పెద్ద తేడానే. వినేటప్పుడు ట్యూనింగ్ తెచ్చే తేడా ముందు ఇది చిన్నది. పాళ్లు చెడిన ఇయర్‌బడ్స్‌ను ఎల్‌డాక్ బాగుచేయదు. ఇంకో మాట. కాల్ రాగానే పాట నాణ్యత పడిపోయి పాత టెలిఫోన్‌లా వినపడితే కంగారుపడొద్దు. మైకు తెరుచుకున్నప్పుడు మామూలు బ్లూటూత్ సన్నటి దారిలోకి మారుతుంది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ యాప్ తెరిచి ఉంచి ఇయర్‌బడ్స్‌కు మార్కులు వేయకండి.

ఇంట్లో పరీక్ష

తేడా నిజంగా ఉందా, ఊహా అన్నది తేల్చుకోవాలంటే ఇంట్లో ఒకరి సాయం తీసుకోండి. ఇది చెవిలో పెట్టుకునే రకాలకు బాగా కుదురుతుంది. గొంతు స్థాయి సమం చేయండి, రెండిటికీ మీ చెవికి సరిపడే ఒకే రకం టిప్‌లు తగిలించండి. మీరు కళ్లు మూసుకోండి. అవతలివాళ్లు నాణెం ఎగరేసి బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే ఇంకొకటి ఇవ్వాలి. అదే పాటలో అదే ఇరవై సెకన్ల ముక్క విని, చెవిలో ఉన్నది రెండిట్లో ఏదో చెప్పండి. పదిసార్లు చేయండి. పదిలో అయిదారు సరిపోతే మీరు చెప్పిందీ నాణెం చెప్పిందీ ఒకటే. ఏడు సరిపోయినా అదృష్టం కావచ్చు. తొమ్మిది లేదా పది సరిపోతే నమ్మొచ్చు. అదృష్టంతో అలా జరగడానికి ఉన్న అవకాశం దాదాపు నూటికి ఒకటే.

రెండు మోడళ్ల మధ్య తేడా గుర్తుపట్టడం సాధారణంగా కష్టం కాదు. పాళ్లు వేరు కాబట్టి తెలిసిపోతుంది. అసలు ప్రశ్న ఆ తర్వాతిది. ఏది ఎక్కువ ధరో తెలియకుండా, ఏది నచ్చిందో చెప్పండి. అక్కడే చాలామంది ఆశ్చర్యపోతారు.

చౌకదాంట్లో ఏదో ఒక్కటి కుదరలేదనిపిస్తే, కొత్తది కొనేముందు ఫోన్‌లోని ఈక్వలైజర్ వాడి చూడండి. గుచ్చే 'స'కారాన్ని, మునిగిన గొంతును, మితిమీరిన బేస్‌ను చాలావరకు సరిచేయొచ్చు. వేలాది మోడళ్ల కొలతలు తీసుకుని దేనికి ఏ సవరణ కావాలో లెక్కగట్టి ఇచ్చే 'ఆటోఈక్యూ' అనే ఉచిత ప్రాజెక్టు కూడా ఉంది. ఎక్కువైనదాన్ని తగ్గించడం మేలు. పెంచక తప్పకపోతే ఎంత పెంచారో మొత్తం స్థాయిని అంత తగ్గించండి, లేకపోతే శబ్దం పగులుతుంది. ఈక్వలైజర్ పాళ్లనే మారుస్తుంది. జోడు కుదరని డ్రైవర్లనూ, చెవికి ఆనని టిప్‌నూ, నొప్పి పుట్టించే మెత్తనూ అది ఏమీ చేయలేదు.

ఇక తీర్పు

ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నచోట, కేవలం పాట కోసమైతే రెండు వేల లోపు మంచి ట్యూనింగ్ ఉన్న వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. ఫోన్‌కు జాక్ లేకపోతే చిన్న టైప్-సీ అడాప్టర్ కలుపుకోండి. రోజూ గంటల తరబడి బస్సులో, రైల్లో ప్రయాణించేవాళ్లు నాయిస్ క్యాన్సిలింగ్‌కు డబ్బు పెట్టడం సబబే. రికార్డింగ్, ఎడిటింగ్ పనిలో ఉన్నవాళ్లకు విడిభాగాలు దొరికే, నలుగురూ వాడే స్టూడియో మోడల్ కావాలి. దాని స్వభావం అందరికీ తెలుసు కాబట్టి పని సులువు. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యికీ దక్కే తేడా సన్నబడుతూ పోతుంది, అభిరుచి పాలు పెరుగుతూ పోతుంది. సరదాకు కొనుక్కోవడం ఎవరిష్టం వాళ్లది, కానీ దాన్ని నాణ్యత లెక్కలో రాసుకోకూడదు.

కొనేముందు ఒక కాగితం మీద మీకు ఏం కావాలో రాసుకోండి: శబ్దమా, సౌకర్యమా, రొద ఆపడమా, మన్నికా, కాల్సా. శబ్దం ఒక్కటే కావాలంటే ధర చూడటం మానేసి చెవికి పని చెప్పండి. మిగిలినవి కావాలంటే ధర పెంచండి, పెంచిన డబ్బు దేనికో తెలిసి పెంచండి.